తారకేశ్వర్ లోకల్‌లో ఆలుగడ్డల ఊరికి

మా దుకాణం వెనక సందులో నగలు చేసే బెంగాలీ కుర్రాడు రెండేళ్లుగా పిలుస్తున్నాడు, "భయ్యా, ఆలుగడ్డలు తవ్వేటప్పుడు మా ఊరు రండి" అని. హైదరాబాద్ చార్‌కమాన్ చుట్టుపక్కల బంగారం పని చేసేవాళ్లలో హుగ్లీ జిల్లావాళ్లు చాలామందే. ఫిబ్రవరి చివర్లో ఇద్దరం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హౌరాలో దిగాం. అక్కణ్ణించి తారకేశ్వర్ లోకల్. సింగూర్ దాటాక కిటికీకి రెండు పక్కలా తవ్విపోసిన నేల, గట్ల మీద ఆలుగడ్డల కుప్పలు. హరిపాల్‌లో దిగాం.

వాళ్ల నాన్నను నేనూ "కాకా" అనే పిలిచాను, అంటే బాబాయి. ఉన్నది నాలుగు బిఘాలు. అక్కడ బిఘా అంటే 33 సెంట్లు. అదీ ఒక్క చోట లేదు, ఐదు ముక్కలు. వానాకాలం వరి కోసి, నవంబరులో బోదెలు తోలి ఆలుగడ్డ పెడతారు. ఎక్కువగా జ్యోతి రకం. విత్తనం పంజాబ్ నుంచి వస్తుంది. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే దుకాణంలో అప్పు, తవ్వగానే తీర్చాలి. జనవరిలో పొగమంచు నాలుగు రోజులు వదలకపోతే ఇంటిల్లిపాదికీ నిద్రుండదట. "ధొషా వస్తుంది" అన్నాడు కాకా. నాకు దోశ అని వినబడి నవ్వాను. ఆకుమాడు తెగులుకు అక్కడి పేరది. నవ్వినందుకు సిగ్గేసింది.

మర్నాడు పొలానికెళ్లాం. మగవాళ్లు బోదెలు తవ్వుతుంటే వెనకాలే ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు. పార తగిలి తెగినవి మాత్రం కాకీమా, అంటే కాకా భార్య, కొంగులో వేసుకుంది. మధ్యాహ్నం గసగసాల ముద్దతో కూరైంది అవే.

పక్క చేనాయన మొత్తం గట్టు మీదే అమ్మేశాడు. పంటలో వాటా ఇచ్చి వేరేవాళ్ల భూమి సాగు చేసే పాలు రైతుల పేర్లను రికార్డుల్లో ఎక్కించేందుకు 1978లో ప్రభుత్వం ఆపరేషన్ బర్గా మొదలుపెట్టింది. అలా పేరెక్కినవాళ్ల సంగతి వేరు. ఈయన ఈ ఒక్క పంటకే కౌలుకు పట్టాడు. కాగితం మీద పేరు లేదు, సహకార సొసైటీ అప్పు రాదు. ఎరువుల దుకాణదారు మనిషి తూకం దగ్గరే నిలబడ్డాడు. ఊరంతా ఒకేసారి తవ్వుతుంటే ధర ఎలా ఉంటుందో చెప్పేదేముంది!

కాకా మాత్రం 50 కిలోల బస్తాలు ముప్పై కోల్డ్ స్టోరేజీకి పంపాడు. దుకాణం అప్పు కొడుకు హైదరాబాద్ నుంచి తెచ్చిన డబ్బుతో తీరింది, అందుకే ఆ ధైర్యం. బస్తాలకు బదులు ఒక రసీదు ఇస్తారు, దాన్ని బాండు అంటారు. డబ్బు అవసరం పడ్డవాడు ఆ బాండునే అమ్ముకుంటాడు. బస్తా చల్లగదిలో కదలకుండానే చేతులు మారుతుంది. మామూలుగా నవంబరు చివరికల్లా గది ఖాళీ చేయాలి. అంటే ఎదురుచూపుకూ గడువుంది.

బయల్దేరేముందు కాకా బాండును ప్లాస్టిక్ కవర్లో చుట్టి లక్ష్మి పటం వెనక పెట్టాడు. "పూజో దాకా అమ్మొద్దు నాన్నా" అన్నాడు కొడుకు. పూజో అంటే దసరాకు వచ్చే దుర్గాపూజ. కాకా జవాబివ్వలేదు. నా సంచిలో ఇంకో నాలుగు గడ్డలు కుక్కాడు.