ఎర్ర సిరా బాణం

తొమ్మిదో తరగతిలో ఒకరోజు బడికి లేటుగా వచ్చాను. ఇంగ్లీష్ సార్ తిట్టలేదు. "క్షమాపణ లెటర్ ఇంగ్లీషులో రాసి పట్రా, అప్పుడే లోపలికి" అన్నారు. వరండాలో గోడకి నోట్‌బుక్ ఆనించి గబగబా గీకేశాను. అందులో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది: 'ఐ హావ్ బీన్ లేట్ నెవర్.'

సార్ ఎర్ర పెన్ను తీసి, చివర్న ఉన్న నెవర్ చుట్టూ సున్నా చుట్టి, అక్కణ్నించి వెనక్కి పొడుగాటి బాణం లాగారు. దాని ములుకు హావ్‌కీ బీన్‌కీ మధ్య దిగింది. "ముందు నెవర్‌ని దాని సీట్లో కూర్చోబెట్టు. అది అబద్ధమన్న సంగతి తర్వాత చూద్దాం." క్లాసంతా గొల్లుమంది.

ఆ పీరియడ్‌లో జరగాల్సిన పద్యం మూలపడింది. సార్ చెప్పిందేమిటంటే, మనం 'ఎప్పుడూ రాలేదు' అంటాం. ఆ 'రాలేదు' ఒకటే ముద్ద, మధ్యలో ఏ మాటా దూరలేదు. ఇంగ్లీషులో హావ్ ఒక పక్క, అసలు క్రియ ఇంకో పక్క ఉంటాయి. నెవర్, ఆల్వేస్, జస్ట్, ఆల్రెడీ మామూలుగా ఆ సందులోకే వెళ్తాయి. హావ్ లాంటి సహాయక్రియలు రెండుంటే మొదటిదాని వెనకే: 'షీ హాజ్ ప్రాబబ్లీ బీన్ స్లీపింగ్.' యెట్ మాత్రం ఎక్కువగా చివర్నే ఉంటుంది. ఆల్రెడీని చివర పెడితే ఆశ్చర్యం పలుకుతుంది. 'హావ్ యు ఫినిష్డ్ ఆల్రెడీ?' అంటే మన 'అప్పుడే అయిపోయిందా!' అన్నమాట. ఈ పోలిక నాకు ఏ గ్రామర్ పుస్తకంలోనూ దొరకలేదు.

ఉద్యోగంలో చేరాక ఒక పెద్దాయన నా డ్రాఫ్టుల్లో ఆల్రెడీలన్నీ హావ్‌కి ముందుకి జరిపేసేవారు. హావ్‌నీ క్రియనీ విడదీయడం తప్పని ఆయన పట్టుదల. నిజానికి ఆ రెంటి మధ్య చోటే సహజమని ఇంగ్లీష్ నిఘంటుకారుడు ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో రాశాడు. నేను నోరెత్తలేదు, ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది మరి.

ఆ రోజు క్లాసు చివర్లో సార్ నన్ను మళ్లీ లేపారు. "హావ్ యు ఆల్వేస్ బీన్ లేట్?" సందు ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు కదా, ధీమాగా అన్నాను: "ఎస్ సార్, ఐ హావ్ ఆల్వేస్."

"వెనకాల క్రియ లేకపోతే సందు ఎక్కడుందిరా? అప్పుడు ఆల్వేస్ ముందుకొస్తుంది. ఐ ఆల్వేస్ హావ్. చెప్పు."

"ఐ ఆల్వేస్ హావ్."

"గట్టిగా."

మూడోసారికి గానీ తట్టలేదు, లెటర్లో రాసిన అబద్ధాన్ని నా నోటితోనే కొట్టేయిస్తున్నారని.