గోడకు కాపలా పెట్టబోయి

మా బావగారిది తాడేపల్లిగూడెంలో నలభై పడకల ఎముకల ఆసుపత్రి. రోగులను ఆయన చూసుకుంటారు, గోడలను నేను చూసుకుంటాను. లిఫ్టు, జనరేటరు, లాండ్రీ, లైసెన్సులు, చివరికి దోమతెరలు కూడా నా పద్దులోవే. ఏటా సంక్రాంతికి ముందు కారిడార్లకు రంగు వేయిస్తాం. ఉగాది వచ్చేసరికి మూలలన్నీ పెచ్చులూడి ఇటుక కనిపిస్తుంది. స్ట్రెచర్ తిప్పినప్పుడల్లా ఒక పెచ్చు, సిలిండర్ బండి వెళ్లినప్పుడల్లా ఒక గీత. పోయిన ఏడాది బావగారు రౌండ్స్ మధ్యలో ఎక్స్‌రే గది మలుపు దగ్గర ఆగి, ఊడిన గోడను వేలితో గోకి, "థియేటర్‌కు వెళ్లే దారే ఇలా ఉంటే, లోపల నా పనితనం ఎలా ఉంటుందనుకుంటారోయ్ జనం?" అన్నారు. అలా మొదలైంది.

మేస్త్రీ ఒక్క మాటలో తేల్చేశాడు: నాలుగు అడుగుల ఎత్తున టైల్స్. ఒక వార్డులో వేసి ఉన్నాయి కనుక వాటి గుణం నాకు తెలుసు. మూల మీది టైలు దెబ్బ తింటే రాలిపోదు, పగిలిన అంచు కత్తిలా నిలబడి ఉంటుంది. వడ్రంగి ప్లైవుడ్ మీద సన్‌మైకా అన్నాడు. చూపుకు బాగుంటుందని నేనూ సగం ఒప్పుకున్నాను. అక్కకు మాత్రం స్టీలు రేకు కావాలి. హైదరాబాద్‌లో ఏదో పెద్ద ఆసుపత్రిలో చూసి వచ్చింది. ఎవరి మాట వినాలో తోచక, అసలు దెబ్బలు తింటున్న గోడనే అడుగుదామనుకున్నాను.

జాజు చిక్కగా కలిపించి స్ట్రెచర్ల మూలలకు, భోజనాల బండికి, సిలిండర్ బండికి, వీల్‌చైర్ల కాలిపలకలకు, మంచాల అంచులకు బ్రష్షుతో పూయించాను. ఆరినప్పుడల్లా మళ్లీ పూయమని వార్డుబాయికి చెప్పాను. ఒక్క రోజు పరీక్ష. మరునాడు పొద్దున చూస్తే గోడ మీద ఎర్రగా మూడు పట్టీలు. నేలకు జానెడు ఎత్తులో వీల్‌చైర్లు, ఆ పైన భోజనాల బండి, తొడ ఎత్తులో 640 నుంచి 700 మిల్లీమీటర్ల మధ్య స్ట్రెచర్లు, మంచాలు. అంతకు పైన ఎక్కడా జాజు లేదు. అంటే నాలుగు అడుగుల టైల్స్‌లో సగానికి కాస్త తక్కువ డబ్బు ఏ బండీ తగలని చోటికే పోయేదన్నమాట. రోగుల బంధువులు మేమేదో శాంతి చేయిస్తున్నామనుకున్నారు. ఒకావిడ గడపకు ఎందుకు పూయలేదని నిలదీసింది.

అయితే ఎర్ర పట్టీలకు పైన, రమారమి 850 మిల్లీమీటర్ల దగ్గర, బూడిదరంగులో ఒక జిడ్డు చార ఉంది. అది జాజుది కాదు. ఏళ్లుగా అక్కడే ఉంది, రంగు వేసిన నెలకే మళ్లీ వస్తుంది. దాన్ని కూడా ఏదో బండి ఖాతాలో రాసుకుంటుంటే మా ఫిజియోథెరపిస్టు నవ్వింది. "అవి చేతులండీ. మోకాలి ఆపరేషన్ అయిన మూడో రోజు నుంచి నేను నడిపించే వాళ్లందరూ వాకర్ వదలగానే గోడ పట్టుకుంటారు. మీ గోడకేమో పట్టు లేదు" అంది. పన్నెండేళ్లుగా ఆ చార మీద సున్నం వేయిస్తున్నది నేనే. గోడకు కాపలా పెట్టాలని బయలుదేరినవాడికి పని అక్కడ రెండింతలైంది.

ఇక పుస్తకాలు తెరవక తప్పలేదు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో తెచ్చిన అందరికీ సుగమమైన భవనాల మార్గదర్శకాలు, జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016, ఈ రెండూ నాకు ఆ నెల రోజుల పారాయణం. "అవి మార్గదర్శకాలేనండీ, చట్టం కాదు" అని ఒకరిద్దరు భరోసా ఇచ్చారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. పైగా 2024 నవంబరులో సుప్రీంకోర్టు, సుగమత ప్రమాణాలు కేవలం సిఫార్సులుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పు తర్వాత కూడా ఎవరైనా "మార్గదర్శకాలేనండీ" అంటే, వాళ్ల చేత గోడ కట్టించకపోవడం మంచిది.

పుస్తకంలో ఉన్న కొలతలు చిన్నవే, కానీ ఒక్కొక్కటీ ఒక్కో కేటలాగును చింపేసింది. పట్టుకునే కడ్డీ గుండ్రంగా, 38 నుంచి 45 మిల్లీమీటర్ల మందంతో ఉండాలి. గోడకూ కడ్డీకీ మధ్య కనీసం 50 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సేల్స్‌మన్ ఒకాయన "రెండు పనులూ ఒకటే చేస్తుంది" అంటూ వెడల్పాటి పట్టీ తెచ్చాడు. బండి తగిలినా ఆగుతుంది, మనిషీ పట్టుకోవచ్చునట. ఆ నమూనాను బల్లకు బిగించి, డిశ్చార్జికి సిద్ధంగా ఉన్న ఒక మామ్మగారిని పట్టుకుని చూడమన్నాం. అరచెయ్యి దాని మీద ఆనింది, వేళ్లు మాత్రం కిందికి తిరగలేదు. ఆవిడ ఒంటి బరువు కాస్త మోపేసరికి చెయ్యి జారి అంచు దాకా వచ్చేసింది. "ఇది పట్టుకోవడానికి కాదయ్యా, ఆనుకోవడానికి" అని తీర్పు చెప్పేసింది. తర్వాత మామూలు గొట్టం ఇస్తే పిడికిలి బిగించి, వేళ్ల కణుపులు గోడకు రాసుకోకుండా నాలుగడుగులు నడిచింది. 50 మిల్లీమీటర్ల సందు ఎందుకో ఆ కణుపుల వైపు చూస్తే అర్థమైంది. పట్టుకునేది వేరు, దెబ్బ కాసేది వేరు అని అక్కడే తేలిపోయింది.

తరువాత టేపు పట్టాను. ఆసుపత్రి కారిడార్‌కు 2.4 మీటర్ల వెడల్పు ఉండాలి. మాది గోడ నుంచి గోడకు 2.62. కడ్డీ 40, సందు 50, మొత్తం 90 మిల్లీమీటర్లు గోడ నుంచి ముందుకు వస్తుంది. రెండు వైపులా తీసేస్తే 2.44 మిగిలింది, బతికిపోయాం. ఎక్స్‌రే మలుపు దగ్గర మాత్రం ఒక పిల్లర్ 120 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంది. అక్కడ రెండు వైపులా కడ్డీ పెడితే 2.32. కడ్డీ వెడల్పును లెక్కలోంచి మినహాయిస్తారా అన్న వాదన తనిఖీ రోజున పెట్టుకునే ధైర్యం నాకు లేదు. అక్కడ ఒక వైపే కడ్డీ, పిల్లర్ వైపు దెబ్బ కాసే షీటు మాత్రమే అని రాసుకున్నాను.

టేపు చేతిలో ఉండగానే ఇంకో సంగతి బయటపడింది. చూపు లేనివారు తెల్లకర్రతో నేలను తడుముతూ నడుస్తారు. నడుము ఎత్తులో గోడ నుంచి 100 మిల్లీమీటర్లకు మించి పొడుచుకు వచ్చిన వస్తువు ఆ కర్రకు దొరకదు, నేరుగా మనిషికే తగులుతుంది. మా మంటలార్పే సిలిండర్లు 180 మిల్లీమీటర్లు ముందుకు ఉన్నాయి. భద్రత కోసం పెట్టిందే గుద్దుకునేలా ఉంది. గోడలో గూళ్లు కొట్టించి లోపలికి నెట్టాం. ఫైర్ హోస్ పెట్టె తలుపు పూర్తిగా తెరుచుకునేలా అక్కడ కడ్డీని ఆపి, కొసలను గోడలోకి వంచాం. కొస తిన్నగా వదిలేస్తే చీర కొంగూ, సెలైన్ గొట్టమూ దానికి చిక్కుకుంటాయి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది మంట విషయం. 2011 డిసెంబరులో కోల్‌కతాలో ఒక ఆసుపత్రిలో తొంభై మంది దాకా చనిపోయారు. వారిలో ఎక్కువమందిని బలిగొన్నది మంట కాదు, పొగ. మా రోగుల్లో సగం మంది కాలికి బరువు కట్టుకుని పడుకునేవాళ్లు, లేచి పరుగెత్తలేరు. నియమావళి ప్రకారం కారిడార్ గోడ మీద అతికించేది మొదటి తరగతి ఉపరితలం, అంటే మంట అతి తక్కువగా పాకేది అయి ఉండాలి. రెండో తరగతి సరుకు కారిడార్లలోనూ మెట్ల దగ్గరా కుదరదు. వడ్రంగి సన్‌మైకా దానితో వెళ్లిపోయింది.

మొదట వచ్చిన సేల్స్‌మన్ పీవీసీ ముక్కకు అగ్గిపుల్ల వెలిగించి చూపించాడు. మంట తీయగానే అది ఆరిపోయింది. "చూశారా సార్" అన్నాడు. చూశాను, వాసన కూడా చూశాను. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. చుట్టూ గది మండుతున్నప్పుడు అది ఆరిపోయి ఊరుకోదు, ఘాటైన ఆమ్లపు పొగ వదులుతుంది. పరీక్ష నివేదిక అడిగితే గర్వంగా తీసి ఇచ్చాడు. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో, పరీక్షించిన వస్తువు నేల మీద పరిచే షీటు అని ఉంది. గోడ సరుకు కాదు. ఆ రోజు నుంచి నివేదికను వెనుక పేజీ నుంచి చదవడం అలవాటైంది. వస్తువు పేరు అదేనా, మందం అదేనా, ఏ జిగురుతో దేని మీద అతికించి పరీక్షించారు, మనకు వేసే జిగురు అదేనా. తరగతిని మంట పాకే తీరుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 12777 ప్రకారం చెప్పారా? కొందరు అమెరికా వారి ఏఎస్‌టీఎం ఈ84 పరీక్ష నివేదిక ఇస్తారు. అందులో పై తరగతికి మంట సూచిక 25 లోపు, పొగ సూచిక 450 లోపు ఉండాలి. మంట సూచిక చదివి పొగ సూచిక వదిలేసేవాళ్లే ఎక్కువ.

జాజు పరీక్ష ఇక్కడ అక్కరకొచ్చింది. గోడంతా కప్పాల్సిన పని లేదు కనుక, క్లోరిన్ లేని ఖరీదైన రకం షీటును సన్నటి పట్టీలుగా తగిలే ఎత్తుల్లోనే వేశాం. మూలలకు అదే రకం కార్నర్ గార్డులు. కడ్డీకి పౌడర్ కోటింగ్ వేసిన ఇనుప గొట్టం.

రంగు దగ్గర అక్కతో పేచీ వచ్చింది. మీగడ రంగు గోడకు మీగడ రంగు కడ్డీయే అందమని ఆవిడ పట్టు. మాకు వచ్చేవాళ్లలో శుక్లాలున్న పెద్దవాళ్లు తక్కువేమీ కాదు. నమూనాను గోడకు ఆనించి ఫోనులో ఫొటో తీసి, రంగులు తీసేసి తెలుపు నలుపుగా మార్చి చూపించాను. కడ్డీ మాయమైంది. అక్క ఫోనును దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "ఏదీ?" అంది. ముదురు నీలం ఖాయమైంది.

బిగింపు రోజున ఇంకో పాఠం. కొత్త భవనం తేలిక ఇటుకలది. మామూలు ప్లగ్గులు బిగించి నేను రెండు చేతులతో వేలాడితే, కడ్డీ నాతోపాటే కిందికొచ్చింది. బావగారు అప్పుడే అటు రావడం నా ఖర్మ. "ఎముకల ఆసుపత్రిలోనే ఉన్నావులే" అన్నారు. ఆ ఇటుకకు తగిన ప్రత్యేక యాంకర్లు తెప్పించి, ప్రతి బ్రాకెట్‌నూ వేలాడి చూశాకే సంతకం పెట్టాను. పోర్టికో దగ్గరి ర్యాంపుకు 760, 900 ఎత్తుల్లో రెండు వరసలు వేయించాను. పైనా కిందా ర్యాంపు దాటి 300 మిల్లీమీటర్లు కడ్డీ ముందుకు ఉండాలి. కాలు సమతలం మీదికి వచ్చేదాకా చెయ్యి వదలకూడదు కదా. ఫిట్టరు ఆ ముక్కను వృథా అనుకుని కోసేశాడు, మళ్లీ అతికించాల్సి వచ్చింది.

ఈ సంక్రాంతికి కారిడార్లకు రంగు వేయించలేదు, అవసరం పడలేదు. ఒక్క ఎక్స్‌రే మలుపు దగ్గర, పిల్లర్ వైపు, షీటు మీద 850 ఎత్తులో మళ్లీ బూడిదరంగు చార మొదలైంది. ఎడమ కాలికి ఆపరేషన్ అయినవాళ్లు అటు వైపే నడుస్తారట. పిల్లర్ మీది పాత పూత ఎంత మందం ఉందో, చెక్కిస్తే ఇంకో కడ్డీకి చోటు దొరుకుతుందేమో చూడమని ఇంజనీరును అడిగాను. ఆయన సోమవారం వస్తానన్నారు.