ఒకే ధర, వేర్వేరు స్వభావాలు

తిరుపతి శ్రీనివాస క్రీడా సముదాయంలో మిత్రులతో రాకెట్లు మార్చుకుని బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడుతుంటే, దాదాపు ఒకే ధర పలికే రాకెట్లు చేతిలో ఎంత వేరుగా ప్రవర్తిస్తాయో స్పష్టంగా తెలుస్తోంది.

తల (తీగలు బిగించే భాగం) బరువుగా, షాఫ్ట్ (తలను పిడితో కలిపే సన్నని కడ్డీ) బిరుసుగా ఉండే యోనెక్స్ రాకెట్ ఆస్ట్రాక్స్ 99 ప్రోతో వెనుక గీత దగ్గరి నుంచి కొట్టిన స్మాష్ నిటారుగా దిగుతుంది. కానీ ఎదుటివారు ఒంటి మీదికి కొట్టినప్పుడు రాకెట్‌ను తిప్పి అడ్డుపెట్టేలోపే షటిల్ దాటిపోతుంది, మూడో గేమ్‌కు ముంజేయి లాగుతుంది. అదే కంపెనీ తల తేలికైన రాకెట్ నానోఫ్లేర్ 1000జెడ్ డ్రైవ్‌లలో (నెట్ మీదుగా చదునుగా, వేగంగా కొట్టే దెబ్బల్లో) చురుగ్గా తిరుగుతుంది. తేలిక తలతో స్మాష్ పలకదని చాలామంది అంటారు గానీ, అమలాపురం కుర్రాడు, డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల రికార్డు స్మాష్ కొట్టింది దీనితోనే (ఆ మణికట్టు వేరనుకోండి). ఓపికగా ర్యాలీలు నడిపే సింగిల్స్ ఆటగాడికి సమతూకపు ఆర్క్‌సేబర్ 11 ప్రో నయం.

నేను ఎక్కువగా నెట్ దగ్గరే ఆడతాను కనుక నానోఫ్లేర్‌ను, అదీ 85 గ్రాములలోపు ఉండే 4యూ బరువులో, ఎంచుకున్నాను.