లాగిన్ అవుతుంది, వెంటనే పోతుంది
టైం రాత్రి ఒంటిగంటన్నర, ఇంకా ఆఫీసులోనే ఉన్నా. రెండు టామ్‌క్యాట్‌లు (జావా వెబ్ అప్లికేషన్లు నడిపే సర్వర్లు) పెట్టి, వాటి ముందు అపాచీ వెబ్ సర్వర్‌తో లోడ్ బ్యాలెన్సింగ్ చేసేద్దాం, అంటే వచ్చే రిక్వెస్టులు రెండింటికీ పంచేద్దాం, అరగంట పని అనుకుని సాయంత్రం కూర్చున్నా. లాగిన్ అయితే అవుతోంది, ఇంకో క్లిక్ కొట్టగానే మళ్లీ లాగిన్ పేజీ! ఒక నోడ్ (అంటే ఒక టామ్‌క్యాట్) ఆపేస్తే శుభ్రంగా పనిచేస్తోంది, రెండోది లేపగానే మళ్లీ అదే గోల. స్టిక్కీ సెషన్ (ఒకరిని ఎప్పుడూ ఒకే నోడ్‌కి పంపే సెట్టింగ్) ఆన్‌లోనే ఉంది కదా ఏంటిది అని లాగ్స్ చదివీ చదివీ కళ్లు లాగేశాయి.

చివరికి బ్రౌజర్‌లో కుకీ తెరిచి చూశా. జేసెషన్‌ఐడీ (ఎవరి సెషన్ ఏదో గుర్తుపట్టే ఐడీ) చివర చుక్క పెట్టి నోడ్ పేరు ఉంటుంది కదా, అక్కడ ఉన్నది 'నోడ్_1', నేను అపాచీకి నోడ్‌ల జాబితా ఇచ్చే వర్కర్స్ ఫైల్లో రాసింది 'నోడ్1'. ఒక్క అండర్‌స్కోర్ అండి బాబూ!! టామ్‌క్యాట్ సెట్టింగుల ఫైల్ సర్వర్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఇంజిన్ దగ్గర రాసే జేవీఎమ్‌రూట్ (కుకీ చివర వచ్చే నోడ్ పేరు ఇదే), వర్కర్స్ ఫైల్లోని వర్కర్ పేరు అచ్చం ఒకటే ఉండాలి, లేకపోతే ఎవరి సెషన్ ఎక్కడుందో అపాచీకి తెలీక ఇటొకటి అటొకటి పంచేస్తుంది, పెళ్లి బంతిలో కొత్తగా వడ్డనకి దిగినోడిలాగా.

సెషన్ రెప్లికేషన్ (ఒక నోడ్‌లోని సెషన్ల కాపీ రెండోదానిలోనూ ఉంచడం) ఇంకా పెట్టలేదు, కాబట్టి నోడ్ పడితే అందులో ఉన్నోళ్లంతా మళ్లీ లాగిన్ కొట్టుకోవాల్సిందే. దానికోసం నోడ్‌లు ఒకదాన్నొకటి కనుక్కునే మల్టీకాస్ట్ సంగతి సోమవారం చూస్తా. కింద టీ కొట్టు కూడా కట్టేశారు.