గన్ లేదు, లైసెన్స్ మాత్రం ఉంది: టెక్సాస్ యూనివర్సిటీలో నా అనుభవం

అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్తే ముందు "ఎవడైనా బెదిరిస్తున్నాడా" అంటుంది, తర్వాత "అల్లుడుగారికి తెలుసా" అంటుంది, ఆ తర్వాత రెండు రోజులు నిద్రపోదు. విషయం ఏంటంటే నా పర్సులో డ్రైవింగ్ లైసెన్స్ వెనకాల అదే సైజులో ఇంకో కార్డు ఉంది, టెక్సాస్ డీపీఎస్ (రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్) వాళ్ళు ఇచ్చిన ఎల్‌టీసీ, అంటే హ్యాండ్‌గన్ దగ్గర పెట్టుకుని తిరగడానికి లైసెన్స్. ఇంట్లో గన్ లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు. మరి ఎందుకు తీసుకున్నావ్ అని మా ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు, రెండు ముక్కల్లో చెప్తే ఆయనకి ఎక్కలేదు, అందుకే ఇలా పొడుగ్గా రాస్తున్నా.

2015 ఆగస్టులో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద టెక్సాస్‌లో ఒక పబ్లిక్ యూనివర్సిటీకి పీహెచ్‌డీకి వచ్చా, స్టాటిస్టిక్స్. వచ్చిన మొదటి సెమిస్టర్ నుంచే టీఏ డ్యూటీ, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా క్లాసులు చెప్పడం, పేపర్లు దిద్దడం. నేను రాకముందే జూన్‌లో గవర్నర్ ఆబట్ ఎస్‌బీ 11 అనే బిల్లు మీద సంతకం పెట్టేశాడు, నాకు అప్పుడు ఐ-20 (యూనివర్సిటీ పంపే అడ్మిషన్ కాగితం), వీసా, సూట్‌కేసు బరువు తప్ప ఇంకేం తెలీదు. అంతకుముందు కూడా లైసెన్స్ ఉన్నవాళ్ళు క్యాంపస్ రోడ్ల మీద గన్‌తో తిరగొచ్చంట, బిల్డింగుల్లోకి మాత్రం రాకూడదు. ఈ చట్టంతో క్లాసురూముల్లోకి కూడా రావొచ్చు, కాకపోతే కనపడకుండా దాచుకోవాలి. ప్రైవేటు కాలేజీలు మాకొద్దు అనొచ్చు, దాదాపు అందరూ అనేశారు కూడా. ప్రభుత్వ యూనివర్సిటీలకి ఆ ఆప్షన్ లేదు. నాలుగేళ్ళ యూనివర్సిటీల్లో 2016 ఆగస్టు 1 నుంచి, రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీల్లో ఇంకో ఏడాదికి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ చూశారా, 1966లో సరిగ్గా అదే ఆగస్టు 1న ఆస్టిన్‌లో యూనివర్సిటీ టవర్ ఎక్కి చార్లెస్ విట్‌మన్ అనేవాడు కింద నడిచేవాళ్ళని కాల్చాడు. యాభై ఏళ్ళు నిండిన రోజు. కావాలని పెట్టారో కాకతాళీయమో గానీ నాకైతే ఒళ్ళు జలదరించింది.

2016 వేసవి అంతా రగడ. ఆస్టిన్ యూనివర్సిటీ వాళ్ళు గన్ తీసుకొస్తే ఛాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా, తూటా ఉండకూడదని రూలు రాసుకుంటే జులైలో పైన ఉన్న రీజెంట్ల బోర్డు దాన్ని కొట్టేసింది. క్లాసులు మొదలైన రోజు అక్కడి స్టూడెంట్స్ బ్యాగులకి ఏం వేలాడదీసుకుని నిరసన చేశారో మాత్రం ఇక్కడ రాయలేను, మా పెద్దమ్మ కూడా చదువుతుంది. అంతకుముందే ఫిబ్రవరిలో హ్యూస్టన్ యూనివర్సిటీలో ఫ్యాకల్టీ సెనేట్ (టీచర్ల ప్రతినిధుల సభ) వాళ్ళు చూపించిన ఒక స్లైడ్ అందరికీ చేరింది, సున్నితమైన విషయాలు చర్చించేటప్పుడు జాగ్రత్త, కొన్ని టాపిక్స్ సిలబస్‌లోంచి తీసేసుకోండి, స్టూడెంట్స్‌ని అపాయింట్‌మెంట్ ఉంటేనే కలవండి, ఇలా. నాది స్టాటిస్టిక్స్ కదా, స్టాండర్డ్ డీవియేషన్ గురించి ఎవడికి కోపం వస్తుందిలే అనుకున్నా. కోపం టాపిక్ మీద రాదు, మార్కుల మీద వస్తుందని అక్టోబర్‌లో తెలిసింది.

మిడ్‌టర్మ్ పేపర్లు ఇచ్చాక ఒక అబ్బాయి ఆఫీస్ అవర్స్‌కి, అంటే స్టూడెంట్స్ వచ్చి డౌట్లు అడిగే టైముకి, వచ్చాడు. మా ఆఫీసు అంటే నలుగురు టీఏలకి ఒకటే గది, కిటికీ లేదు, ఆ టైముకి నేనొక్కదాన్నే ఉన్నా. కుర్చీ జరుపుకుని తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు, అడ్డంగా అంటే కావాలని కాదు, ఆ గదిలో ఇంకో చోటు లేదు. గొంతు పెరిగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ బ్యాగు జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టాడు, నా ప్రాణం పైకి పోయింది, తీరా తీసింది ఫోన్ చార్జర్, ప్లగ్ ఎక్కడుంది అని అడిగాడు. పాపం వాడి తప్పేం లేదు. కానీ ఆ రోజు వాడికి రెండు మార్కులు కలిపేశా. రావాల్సినవి కాదు. ఇది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో అడిగా, మా గదిలోకి గన్ తేకూడదని బోర్డు పెట్టుకోవచ్చా అని. కుదరదన్నారు. ఒక్కళ్ళే కూర్చునే ఆఫీసు అయితే ఆ మనిషి వద్దని చెప్పుకోవచ్చు, నలుగురు కూర్చునేది కాబట్టి ఆ అవకాశం లేదు. మరి స్టూడెంట్‌ని నీ దగ్గర ఉందా అని అడగొచ్చా అంటే అదీ అడగకూడదన్నారు, లైసెన్స్ చూపించమనే పని పోలీసుది. ఇంకో తమాషా చూడండి, ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం, వేట లైసెన్స్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప. అంటే పాఠం చెప్పే నేను ముట్టుకోకూడదు, మార్కులు అడిగేవాడికి 21 నిండి లైసెన్స్ ఉంటే బ్యాగులో పెట్టుకు రావొచ్చు. (మన పిల్లలు వీకెండ్ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె గన్‌తో ఫోటోలు దిగి ఇన్‌స్టాలో పెడతారు చూడండి, వీసా మీద ఉంటే ముందు ఈ రూలు చదువుకోండి బాబూ, అద్దెదైనా చేతిలో ఉన్నట్టే లెక్క.) చట్టం వచ్చిన నెలన్నరకే టార్ల్టన్ స్టేట్ యూనివర్సిటీ డార్మ్‌లో లైసెన్స్ ఉన్న ఒకతని గన్ పొరపాటున పేలింది, ఎవరికీ ఏం కాలేదు, కానీ మా టీఏల గ్రూపులో ఆ రాత్రంతా అదే గోల. మిగతా పీహెచ్‌డీ అంతా ఆఫీస్ అవర్స్ లైబ్రరీ కింద కాఫీ షాపులో పెట్టుకుని లాగించేశా.

ఇక అసలు సంగతి. 2021లో పీహెచ్‌డీ అయ్యింది, వేరే పబ్లిక్ యూనివర్సిటీలో లెక్చరర్ ఉద్యోగం, అదీ టెక్సాసే. మా ఆయన సిటిజన్ కాబట్టి గ్రీన్ కార్డు తొందరగా వచ్చింది, లేకపోతే ఇండియా క్యూలో రిటైర్ అయ్యేదాకా నిలబడేదాన్ని. అదే 2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో చాలాచోట్ల లైసెన్స్ లేకుండానే గన్ పెట్టుకుని తిరగొచ్చని ఇంకో చట్టం వచ్చింది. ఇక క్యాంపస్‌లో కూడా ఎవడైనా తేవొచ్చంట అని మా కొలీగ్ ఒకామె, కాదు అని ఇంకొకాయన, లంచ్‌లో ఒకటే వాదన. ఇన్నేళ్ళుగా భయపడుతున్న దాని గురించి నాకు తెలిసింది సున్నా అని అప్పుడు అనిపించింది. 2024లో, గ్రీన్ కార్డు ఉంది కదా అర్హత ఉంది కదా అని, సరే ఆ క్లాసులో వాళ్ళకి ఏం నేర్పిస్తారో నేనే వెళ్ళి చూస్తా అని పేరు ఇచ్చేశా.

శనివారం పొద్దున్న, గన్ షాపు వెనకాల గది, పద్నాలుగు మంది. క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలని చట్టంలోనే ఉంది. చెప్పే ఆయన మాజీ సైనికుడు, అరుస్తాడేమో అనుకున్నా గానీ మా ఊరి లెక్కల మాస్టారిలా మెల్లగా, చెప్పిందే మళ్ళీ చెప్తూ. ముందుగా ఇంతకుముందు గన్ ముట్టుకున్నవాళ్ళు ఎవరు అన్నాడు, నేను తప్ప అందరూ చెయ్యెత్తారు. ముట్టుకోలేదు గానీ చూశాను, ఖమ్మం దగ్గర మా తాతయ్యకి డబుల్ బ్యారెల్ ఉండేది, లైసెన్స్‌దే, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని దుప్పట్లో చుట్టి స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు, రిజల్ట్స్ అయ్యాక మళ్ళీ తెచ్చుకునేవాడు. ఆ తుపాకీ పేలగా నేనెప్పుడూ వినలేదు, స్టేషన్‌కి వెళ్ళి రావడమే దాని పని. బ్రేక్‌లో ఈ ముక్క చెప్తే మాస్టారు పడీపడీ నవ్వాడు.

క్లాసులో సగానికి సగం ఎక్కడ పెట్టుకోకూడదు అనే. ఇది నేను ఊహించలేదు. 30.06 అనే బోర్డు ఉంటుంది, ఇంగ్లిష్‌లో స్పానిష్‌లో రెండిట్లో, అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉండాలి, బ్యాక్‌గ్రౌండ్ మీద స్పష్టంగా కనపడే రంగులో ఉండాలి, అది ఉన్న చోటికి లైసెన్స్ ఉన్నా దాచుకుని వెళ్ళకూడదు. క్యాంపస్‌కి వచ్చేసరికి మాస్టారు బోర్డు మీద పెద్దగా రాశాడు, లైసెన్స్ లేనిదే బిల్డింగ్‌లోకి గన్ తెస్తే థర్డ్ డిగ్రీ ఫెలనీ, అంటే పెద్ద నేరం కిందే లెక్క, రెండు నుంచి పదేళ్ళు జైలు. కొత్త చట్టం వచ్చినా ఇది మారలేదు. లంచ్‌లో వాదించిన ఆయనే కరెక్టు. లైసెన్స్ ఉన్నా కూడా బయటికి కనపడకూడదు, క్రీడా పోటీలు, ఆసుపత్రి, చిన్నపిల్లల సెంటర్, ప్రమాదకరమైన కెమికల్స్ ఉన్న ల్యాబ్ లాంటివి యూనివర్సిటీ మినహాయించుకోవచ్చు, మొత్తం క్యాంపస్‌కి మాత్రం వద్దనకూడదు. ఒక్కో క్యాంపస్‌కి ఒక్కో లిస్టు, ఆ లిస్టు చదువుకోవడం గన్ మోసేవాడి బాధ్యత. కాన్సాస్‌లో అయితే 21 నిండితే క్యాంపస్‌లో అసలు పర్మిటే అక్కర్లేదు, అది వేరే కథ.

నా పక్కన నర్సింగ్ చదివే అమ్మాయి కూర్చుంది. కాలేజీకి తెచ్చుకోవడానికే తీసుకుంటున్నా అంది, మొహమాటం లేకుండా. పాత బాయ్‌ఫ్రెండ్ రెండుసార్లు పార్కింగ్‌లో కాపు కాశాడంట, కోర్టు ఆర్డర్ ఉంది, నైట్ క్లినికల్స్ (ఆసుపత్రిలో ట్రైనింగ్) అయ్యేసరికి పదకొండున్నర. మాస్టారిని అడిగింది, మా క్లినికల్స్ ఆసుపత్రి బిల్డింగ్‌లో, దానికి బోర్డు ఉంది, మరి నేనేం చెయ్యాలి అని. ఆయన చాలాసేపు ఆలోచించి, కార్లో లాక్ చేసి వెళ్ళాలమ్మా, దానికి యూనివర్సిటీ అడ్డు చెప్పకూడదు అన్నాడు. అంటే ఏ పార్కింగ్ లాట్‌కి భయపడి లైసెన్స్ తీసుకుంటోందో ఆ పార్కింగ్ లాట్ మాత్రం ఖాళీ చేతులతోనే దాటాలి. ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు, అప్పటిదాకా గన్ తెచ్చుకునే స్టూడెంట్ అంటే నా కళ్ళ ముందు ఆ చార్జర్ అబ్బాయే ఉండేవాడు.

రాతపరీక్ష తేలిక, వదిలేస్తున్నా. రేంజ్ మాత్రం చెప్పాలి. యాభై తూటాలు, మూడు గజాల నుంచి ఇరవై, ఏడు నుంచి ఇరవై, పదిహేను నుంచి పది, 250కి 175 వస్తే పాస్. గన్ అద్దెకిచ్చారు, నైన్ ఎమ్ఎమ్. చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు. మెడ మూసి ఉండే బట్టలు వేసుకురండి అని ఈమెయిల్‌లో రాశారు, నేను ఎందుకులే అని వెడల్పు మెడ కుర్తీ వేసుకెళ్ళా. ఆరో షాట్‌కి ఖాళీ తూటా గొట్టం ఎగిరొచ్చి సరిగ్గా మెడ దగ్గర కుర్తీలోకి దూరింది, నిప్పు కణిక. చేతిలో గన్, ఒళ్ళంతా మంట, ఎగరాలనిపిస్తోంది, మాస్టారు వెనక నుంచి నా మణికట్టు గట్టిగా పట్టుకుని "ముందు గన్ కింద పెట్టు, తర్వాత డాన్స్ చెయ్యి" అన్నాడు. ఆ మచ్చ ఇంకా ఉంది, నల్లపూసల కింద కనపడదు. 211 వచ్చాయి. ఒక్కటి నిజం చెప్తా, మూడు గజాలంటే నా ఆఫీసులో నా కుర్చీకి స్టూడెంట్ కుర్చీకి మధ్య ఉన్నదానికన్నా ఎక్కువే. ఆ దూరంలో ఎవరూ తప్పరు, నేను కూడా తప్పలేదు.

తర్వాతదంతా ఆఫీసు పని. డీపీఎస్ సైట్‌లో అప్లికేషన్, నలభై డాలర్లు (2017కి ముందు నూట నలభై ఉండేదంట), క్లాసు సర్టిఫికెట్, గ్రీన్ కార్డు కాపీ, వేలిముద్రలకి అపాయింట్‌మెంట్. అది ఆషాఢం, గోరింటాకు పెట్టుకున్నా, పది వేళ్ళకీ ఎర్రటి టోపీలు. వేలిముద్రల దగ్గర కూర్చున్నావిడ నా వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి ఇది కడిగితే పోతుందా అంది, రెండు వారాలు పోదు అన్నా. మూడుసార్లు లోషన్ రాసి తుడిచి మొత్తానికి తీసింది. అరవై రోజుల్లో తేల్చాలి వాళ్ళు, నాకు అయిదో వారంలో పోస్టులో వచ్చింది కార్డు. చూసుకుని డ్రైవింగ్ లైసెన్స్ వెనకాల పెట్టేశా.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసు ఉంది, ఒక్కదాన్నే, కిటికీతో సహా. మా యూనివర్సిటీ రూలు ప్రకారం నా గదిలో గన్ వద్దనుకుంటే తలుపుకి కాగితం అంటిస్తే చాలదు, వచ్చిన మనిషికి నోటితో చెప్పాలి. అద్దం ముందు ప్రాక్టీస్ చేశా, నిజం. మొన్న సెమిస్టర్ మొదటి మిడ్‌టర్మ్ తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు, భుజానికి బ్యాగు, చేతిలో పేపరు. కూర్చునేలోపే చెప్పేశా, ఇది అందరికీ చెప్తానమ్మా, నిన్ను అనుమానించి కాదు, ఈ గదిలోకి లైసెన్స్ ఉన్నా సరే గన్ తీసుకురాకూడదు అని. వాడు ఒక్క క్షణం ఆగాడు. "ఓకే మ్యామ్, ఇప్పుడే వస్తా" అని బ్యాగుతో సహా వెళ్ళిపోయాడు. స్టూడెంట్ పార్కింగ్ మా బిల్డింగ్‌కి చాలా దూరం. ఇరవై రెండు నిమిషాలకి వచ్చాడు, చెమటలు పట్టాయి, బ్యాగు లేదు, పేపరు మాత్రం ఉంది. బ్యాగులో ఏముందో నేను అడగలేదు, అడగకూడదు కూడా, వాడూ చెప్పలేదు. ఎవరికైనా ఫోన్ చేసుకోవడానికి వెళ్ళాడేమో కూడా. నాలుగో ప్రశ్నకి మార్కులు ఎందుకు పోయాయని అడిగాడు, చూస్తే టోటల్ వేసేటప్పుడు నేనే ఒక మార్కు తక్కువ లెక్కపెట్టా. ఒకటి కలిపి ఇచ్చా, మిగతా మూడు ఇవ్వలేదు.