పైపీఐలో పెట్టాలా, వద్దా

ఆదివారం.

తెలుగు మాటల్ని అక్షరాలుగా విడగొట్టే నా పైథాన్ ప్యాకేజీని (వేరేవాళ్లు తమ ప్రోగ్రాంలో వాడుకోగల కోడ్) పైపీఐలో, అంటే పైథాన్ ప్యాకేజీలు అందరికీ దొరికే సైటులో, పెట్టమని మళ్లీ మెయిల్ వచ్చింది. ఈసారి అడిగిన అమ్మాయి వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతోందట. గళ్ల నుడికట్టు తయారుచేసే ప్రోగ్రాం రాసుకుంది, మాటల్ని గళ్లలోకి విడగొట్టడానికి నా కోడ్ వాడుతోంది. "సర్, గిట్ లింక్ ఇస్తే నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది, కానీ నా ప్యాకేజీని అప్‌లోడ్ చేయబోతే ఒప్పుకోవట్లేదు" అని రాసింది. నిజమే. పైపీఐలోకి వెళ్లే ప్యాకేజీ దేనిమీద ఆధారపడినా అది పేరుతో దొరకాలి, నా కోడ్ దాచుకున్న గిట్ చిరునామా ఇచ్చి అక్కణ్నుంచి తెచ్చుకోమంటే కుదరదు. అంటే నేను పెట్టేదాకా ఆమె కూడా తనది పెట్టలేదు.

ఇంతకుముందు అడిగినవాళ్లకి "ఎంఐటీ లైసెన్సే కదండీ, ఎవరైనా వాడుకోవచ్చు, ఆ ఫైలు మీ ప్రాజెక్టులోకి కాపీ చేసుకోండి, లైసెన్స్ ముక్క మాత్రం తీసేయకండి" అని చెప్పేవాణ్ని. అది మర్యాదగా తప్పించుకోవడం. వాళ్లూ సరేననేవాళ్లు. ఈ అమ్మాయికి కూడా అదే రాయబోయి ఆగాను, ఎందుకంటే మొన్ననే అందులో ఒక బగ్ సరిచేశాను, అంతకుముందు కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర ఆ బగ్ అలాగే ఉండిపోయింది, వాళ్లెవరో, ఎక్కడున్నారో నాకు తెలిసే దారి లేదు.

అసలు ఆ ప్యాకేజీ చేసేది చెప్పుకుంటే ఎంతో లేదు. పైథాన్‌ని 'స్త్రీ' పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది, స, పొల్లు గుర్తు, త, మళ్లీ పొల్లు, ర, దీర్ఘం అన్నీ విడివిడిగా లెక్కపెట్టి. మనకది ఒక్క అక్షరం. నా కోడ్ ఒకటి అని చెబుతుంది. అంతే అయితే పెద్ద గొప్ప కాదు, పైగా అన్ని లిపులకీ కంప్యూటర్లలో వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాల్ని విడగొట్టకూడదన్న నియమం చేరింది కూడా, దాన్ని పాటించే లైబ్రరీ ఏదైనా ఇప్పుడు 'స్త్రీ'ని ఒకటిగానే చూస్తుంది. పొద్దున టీ తాగుతూ ఇదే ఆలోచించాను. యూనికోడ్ వాళ్లే చేసేశాక నాదెందుకు, ఆ అమ్మాయికి ఆ ముక్కే చెప్పి ఊరుకుంటే పోదా అని.

పోదు. 'సాఫ్ట్‌వేర్' తీసుకుంటే తెలుస్తుంది. 'ట్'కీ 'వే'కీ మధ్యలో, రెండూ కలిసిపోకుండా, కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు పెట్టి టైప్ చేస్తే సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు ముక్కలు. ఆ గుర్తు పెట్టకుండా చాలామంది కొట్టేస్తారు, అప్పుడు ట కింద వ వత్తు చేరిపోయి మూడే ముక్కలు. ఛందస్సు చూసేవాళ్లకి పొల్లు హల్లు ముందు అక్షరంలో కలిసిపోతుంది కాబట్టి సాఫ్ట్, వేర్, రెండే అక్షరాలు, రెండూ గురువులే. గళ్ల నుడికట్టు వాళ్లకేమో పొల్లుకి విడిగా ఒక గడి కావాలి. ఒకే మాటకి ఎవరి లెక్క వాళ్లది, ఎవరి లెక్కా తప్పు కాదు. ఏ లెక్క కావాలో అడిగి ఆ ప్రకారం ఇచ్చేదే నా ప్యాకేజీ. దీనికి చోటుంది అనిపించింది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదంటే, ఒక్కసారి పెడితే వెనక్కి తీసుకోవడం కష్టం. ఒక వెర్షన్ ఫైలు అప్‌లోడ్ చేశాక దాన్ని చెరిపేసినా అదే పేరుతో మళ్లీ ఎక్కించనివ్వరు. యాంక్ చేయొచ్చు, అంటే కొత్తగా వచ్చేవాళ్లకి పిప్ (ప్యాకేజీల్ని తెచ్చి ఇన్‌స్టాల్ చేసే పనిముట్టు) దాన్ని ఎంచదు, సరిగ్గా ఆ నంబరే రాసి పెట్టుకున్నవాళ్లకి మాత్రం ఇంకా దొరుకుతుంది. నాకది సబబుగానే ఉంది. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ వాళ్ల లెఫ్ట్‌ప్యాడ్ కథ ఎవరికి గుర్తుండదు, పదకొండు లైన్ల కోడ్‌ని రాసినాయన కోపమొచ్చి తీసేస్తే ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి, చివరికి జావాస్క్రిప్ట్ ప్యాకేజీల సైటు ఎన్‌పీఎం వాళ్లే దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాం గొడవ ఇంకా ఘోరం. అలిసిపోయిన ఒక్క మనిషి ఖాళీ సమయంలో చూసుకునే ప్రాజెక్టులోకి ఎవరో నమ్మకంగా చేరి, ఏళ్ల తరబడి ఓపిగ్గా పనిచేసి, చివర్లో దొంగ దారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఒక ఇంజినీరు తవ్వి చూడబట్టి బయటపడింది.

ఇవన్నీ చదివి భయపడటం ఒక రకంగా గొప్పలు పోవడమే. నా అక్షరాల ప్యాకేజీని ఆసరా చేసుకుని ఏ సర్వర్లూ నడవవు. నా భయం చిన్నది. శుక్రవారం రాత్రి పదింటికి రిలీజ్ టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరో "మీ కొత్త వెర్షన్‌తో మా ప్రాజెక్ట్ ఆగిపోయింది, రేపే సబ్మిషన్" అని రాస్తే, నాకు ఆ మనిషి ఎవరో తెలియకపోయినా నిద్ర పట్టదు. గిట్‌లో పడేసి ఉన్నన్నాళ్లూ "నా సరదాకి రాసుకున్నది, మీ ఇష్టం" అనగలను. పిప్ ఇన్‌స్టాల్ అని కొడితే వచ్చే వస్తువుకి కూడా అదే లైసెన్సు, అదే 'ఏ హామీ లేదు' వాక్యం, చట్టప్రకారం తేడా ఏమీ లేదు. కానీ కొట్టేవాళ్లు అలా అనుకోరు, నేనూ వేరేవాళ్లవి వాడేటప్పుడు అలా అనుకోను.

మధ్యాహ్నం భోజనమయ్యాక బాపట్ల పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయన తెలుగు పండితుడిగా రిటైరయ్యారు, నా గురులఘువుల కోడ్‌ని పద్యాలిచ్చి ఝాడించేది ఆయనే. విషయం చెబితే "నలుగురికీ ఇచ్చేదైతే ఛందస్సు ముక్క ఇప్పుడే ఇవ్వకురా" అన్నారు ఠక్కున. 

"ఏం పెదనాన్నా, ఉత్పలమాల, చంపకమాల అన్నీ బాగానే పట్టుకుంటోందిగా?" 

"పడుతుంది, నేను సరిగ్గా రాసి ఇస్తే. 'దేశప్రజలు' అంటే 'శ' గురువు, అది సమాసం. 'ఊరి ప్రజలు' అంటే 'రి' లఘువే. మరి నువ్వు 'దేశ ప్రజలు' అని మధ్యలో ఖాళీ వదిలి కొడితే నీ మిషను ఏమంటోంది?" 

లఘువంటుంది. ఖాళీ కనిపిస్తే కొత్త పదం అనుకుంటుంది, సమాసమో కాదో తెలియాలంటే మాటలు తెలియాలి, దానికి నిఘంటువు కావాలి, అది ఈ చిన్న ప్యాకేజీతో తేలే పని కాదు. ఇక రేఫ వత్తుని తేల్చి పలికే చోట ముందక్షరం లఘువుగా ఉండిపోవడం, అది ఆయన చెవికి తెలుస్తుంది, నా కోడ్‌కి తెలియదు. "నేను చూసి దిద్దుకుంటాను, నాకు ఫర్వాలేదు. బీయే పిల్లాడు చూస్తే అదే నిజమనుకుంటాడు" అన్నారు. తర్వాత చాలాసేపు మోకాలి నొప్పి గురించి, మా తమ్ముడి పెళ్లి సంబంధాల గురించి మాట్లాడారు.

ఫోన్ పెట్టేశాక నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది, ఎందుకంటే ఆ ప్యాకేజీలో నాకు ముద్దొచ్చే భాగం అదే. గణాలు గుర్తుపట్టడం, యతి స్థానం చూపించడం, వాటికోసమే రాత్రిళ్లు కూర్చున్నాను. అక్షరాలు విడగొట్టే ఫైలు దానికి పునాదిగా ఊరికే రాసుకున్నది. తీరా ఇప్పటిదాకా మెయిల్ చేసినవాళ్లందరూ వాడుకుంటోంది ఆ పునాది ఫైలునే! ఛందస్సు కావాలన్నది పెదనాన్న ఒక్కరే, ఆయనకి పిప్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

కాబట్టి సాయంత్రం కూర్చుని రెండుగా విడదీశాను. అక్షర విభజన ఒక ప్యాకేజీ. ఛందస్సు నా గిట్‌లోనే, దాన్ని వాడుకుంటూ, వేరే ప్రాజెక్టుగా. అనుకున్నదానికంటే తేలిగ్గా విడిపోయింది. పేరు దగ్గర మాత్రం గంట పోయింది. పైథాన్‌లో ఫంక్షన్‌కి నిక్షేపంగా తెలుగు లిపిలో పేరు పెట్టుకోవచ్చు, నడుస్తుంది, పైపీఐలో ప్యాకేజీ పేరుకి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ, మధ్యలో చుక్కా గీతలూ తప్ప కుదరవు. తెలుగు అక్షరాల ప్యాకేజీ పేరు తెలుగు అక్షరాల్లో రాయలేం, ఏం చేస్తాం. ముందు పేరు ఆపేసి ఉంచుకుని తర్వాత కోడ్ ఎక్కిద్దామా అనుకున్నాను గానీ అలా ఖాళీ ప్యాకేజీతో పేరు పట్టి పెట్టుకోవడం వాళ్ల నిబంధనలకి విరుద్ధం, నాకూ అలా చేసినవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. నంబరు 0.1.0 వేశాను. సున్నాతో మొదలైతే 'ఇంకా మారొచ్చు' అని అర్థం, అది చదివేవాళ్లు చదువుతారు.

ఇంకొకటి మిగిలింది, ఆఫీసు. ఆదివారాలు నా సొంత ల్యాప్‌టాప్‌లో రాసిందే ఇదంతా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఉద్యోగంలో భాగంగా రాసినదాన్నే, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి ఇస్తుంది. ఇబ్బందల్లా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న వాక్యం, అది 'ఉద్యోగ కాలంలో సృష్టించినదేదైనా' అనే ధోరణిలో సాగుతుంది. వెతికి తీసి చదివాను, చదివినకొద్దీ నేను పిల్లలకి చెప్పే కథలు కూడా వాళ్లవేనేమో అనిపించింది. హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి, ప్యాకేజీ ఏం చేస్తుందో, మా పనికీ దానికీ ఏ సంబంధమూ ఎందుకు లేదో నాలుగు ముక్కల్లో చెప్పి, రాతపూర్వకంగా సరే అనమని అడిగాను. నోటిమాట వద్దు. ఆ జవాబు వచ్చాకే అసలు పైపీఐ.

ఈలోగా టెస్ట్ పైపీఐలో, అంటే ప్రయత్నించి చూసుకోవడానికి ఉన్న వేరే సైటులో, ఎక్కించాను. దానికి అకౌంట్ వేరు, అక్కడివి ఎప్పుడైనా తుడిచేస్తారు, అందుకే ధైర్యంగా ఎక్కించగలిగాను. అసలు పైపీఐలో కూడా అకౌంట్ తెరిచి రెండంచెల లాగిన్ పెట్టేశాను, 2024 నుంచి అది అందరికీ తప్పనిసరి. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (నా పాత ప్యాకేజీలేవీ లేని విడి చోటు) తెరిచి నా ప్యాకేజీని నేనే పరాయివాడిలా ఇన్‌స్టాల్ చేసి చూస్తే ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ ఫైలులో ఉన్న మొదటి ఉదాహరణే నడవలేదు, విడదీసినప్పుడు ఫంక్షన్ చోటు మారింది. దిద్దాను.

ఆ అమ్మాయికి లింక్ పంపి, ఇది రిహార్సల్ మాత్రమే, అసలుది ఆఫీసు వాళ్లు సరేనన్నాక అని రాశాను. అరగంటలో జవాబు. థాంక్స్ సర్, బాగా పనిచేస్తోంది, కానీ నకార పొల్లు వస్తే విడిగా గడి ఇవ్వకుండా ముందు అక్షరంలో కలిపేస్తోంది అని. పాత అచ్చు పుస్తకాల్లో 'న్'కి వాడే ఆ రూపం 2021లో యూనికోడ్ 14లో విడి అక్షరంగా చేరింది, నేను ఆ వరుసే చూడలేదు. ఆమెకి ఆ అక్షరం ఎక్కడ తగిలిందో గానీ! రేపు ఆఫీసులో రిలీజ్ ఉంది, బుధవారం లోపల సరిచేస్తానని రాశాను.