డాబా మీది ఏంటెనా

"ఒరే, దాన్ని ఇచ్చేయకురా!" కింద నుంచి తాతయ్య కేక. వీధిలో పాత సామాన్లవాడు తక్కెడతో రెడీ. డాబా మీద నేను, చేతిలో సగం పుల్లలు ఊడిన టీవీ ఏంటెనా.

మా పర్లాకిమిడిలో దీన్ని ఒకవైపు తిప్పితే ఒడియా వార్తలు, ఇంకోవైపు తిప్పితే చుక్కల మధ్య తెలుగు సినిమా.

"ఇంతకీ నీ చదువు ఏటి మీదరా?"

ఇదే తాతయ్యా, ఏంటెనాలే. వెలుతురికి.

1926లో యాగీ, ఉడా అనే జపాన్ ఇంజినీర్లు చేసిన ఈ పుల్లల వరసనే 2010లో బార్సిలోనా దగ్గర ఐదు బంగారు కడ్డీలతో కట్టారు. మొత్తం పొడవు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూఇటూ. పక్కన ఒక్క క్వాంటం డాట్, అంటే వెలుగు చిమ్మే అతి చిన్న రేణువు. మామూలుగా ఎటుపడితే అటు చిమ్మే కాంతి, బుద్ధిగా ఒకవైపుకే వెళ్లింది.

నా తంటా దూరంతో. బంగారానికి దగ్గరైతే డాట్ త్వరత్వరగా, గట్టిగా వెలుగుతుంది. మరీ ఆనుకుందా, ఆ శక్తినంతా లోహమే వేడిగా మింగేస్తుంది. కొద్ది నానోమీటర్ల తేడా. ఆర్నెల్లుగా అక్కడే ఉన్నాను.

తాతయ్యకి మాత్రం ఒక్క మాటే వినపడింది. "బంగారమా? ఎన్ని తులాలు?"

సామాన్లవాడికి చిల్లుపడ్డ బిందె ఇచ్చి పంపేశాం.